ఎనిమిది మిల్లీమీటర్లు

పన్నెండింటిలోపు చెప్పేయాలి, నల్లదా తెల్లదా, అంతే, ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిందేముందని తనను తానే కసురుకుని, ఆమె సైకిల్ షాపులో ఎత్తు స్టూలు మీద ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చుంది. గోడ గడియారం పదకొండు దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది. మెకానిక్ కౌంటరు మీద పాత పేపరు పరిచి, రెండు క్రాంక్‌సెట్లూ దాని మీద పక్కపక్కన పెట్టి, "నిదానంగా చూసుకోండి అక్కా, పన్నెండింటికి ఆర్డరు వెళ్లిపోతుంది, ఇవాళ దాటితే మళ్లీ నెలాఖరుకే" అని నిదానాన్నీ కంగారునూ ఒకే మాటలో చేతికిచ్చి, వెనక గదిలో ఆమె సైకిలుకున్న పాత క్రాంకు ఊడదీసే పనిలో పడ్డాడు. నెలాఖరంటే కొండ కనుమ ఎక్కే రోజు దాటిపోయినట్టే. ఇరవై ఒక్క కిలోమీటర్ల ఎక్కుడు దారి అది, ఇంకో మూడు వారాల్లో క్లబ్బు వాళ్లంతా ఎక్కబోతున్నారు. పోయినేడు పైకి ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా తాను దిగిపోయి, రోడ్డు పక్క రాతి మీద కూర్చుని, దాటిపోతున్న ప్రతివాళ్లకీ నవ్వుతూ చెయ్యి ఊపింది. ఆ నవ్వు తాలూకు నొప్పి ఇంకా దవడల్లో ఉంది. నలభై తొమ్మిదేళ్ల మనిషికి వచ్చే ఏడు చూద్దాంలే అనుకోవడానికి చాలా ధీమా కావాలి. అంత ధీమా ఆమెకు లేదు.

క్రాంక్‌సెట్ అంటే బ్రహ్మాండమైన యంత్రమేమీ కాదు, పెడళ్లు బిగించే రెండు కాడలు, మధ్యన ఒక ఇరుసు, ముందు రెండు పళ్ల చక్రాలు, అంతే. కానీ కాళ్లలోంచి వచ్చే బలమంతా చైనుకు చేరే దారి అదొక్కటే. అందుకే మూడు నెలల నుంచి ఆమె దాని గురించి చదవని చోటు లేదు, అడగని మనిషి లేడు. నల్లది కార్బన్, అరచేతిలో పెట్టుకుంటే ఏదో పెట్టారో లేదో అన్నట్టుంటుంది, పైగా ఇరుసులో ఒక మీటరు దాచారు, ఎడమ కాలు ఎంత తొక్కుతోంది, కుడి కాలు ఎంత తొక్కుతోంది విడివిడిగా చెప్పేస్తుందట. తెల్లది అల్యూమినియం, మీటరూ గీటరూ లేదు, చేతిలో కాస్త బరువు తెలుస్తుంది, మెరుగు పెట్టిన ఒంటితో బుద్ధిగా కూర్చుంది. పళ్ల చక్రాలు రెండింటికీ చిన్నవే, కనుమకు సరిపోయేవే. ధర దగ్గర కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు, ఉంటే పోనీ అది సాకుగానైనా పనికొచ్చేది. మనసేమో మూడు నెలల నుంచీ నల్లదాని చుట్టూ తిరుగుతోంది. ఇంట్లో ఆయన మాత్రం తెల్లదంటాడు. ఎందుకండీ అంటే, బాగుంది అంటాడు. ఏం బాగుంది అంటే, చూడ్డానికి బాగుంది అంటాడు. సొంత చొక్కా రంగు కూడా చూసుకోకుండా తొడుక్కునే మనిషికి క్రాంకు అందం మీద ఇంత పట్టింపేమిటో. నిన్న రాత్రి భోజనాల దగ్గర కూడా, "నీ ఇష్టం, కానీ తెల్లదైతే కాడలు విడిగా దొరుకుతాయట, ఒకటి పాడైనా రెండోది పనికొస్తుంది" అన్నాడు. ఈ సంగతి మీకెవరు చెప్పారని ఆమె నవ్వితే, మజ్జిగ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆయన తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. పొద్దున లేస్తే కొట్ల మీద పడి తక్కెళ్లూ, రాళ్లూ, లీటరు డబ్బాలూ, పెట్రోలు పంపులూ పరీక్ష చేయడమే పని, సరిగ్గా ఉంటే ఆ ఏడాది ముద్ర కొట్టడం, లేకపోతే కేసు రాయడం. ఆయన బజారులో అడుగు పెడితే కూరగాయలమ్మే ఆవిడ కూడా రెండు టమాటాలు ఎక్కువే వేస్తుందని చుట్టాలు ఎకసెక్కాలాడతారు. ఆమెకేమో ఆసుపత్రిలో వేరే పేరుంది. ఎక్స్‌రే గదిలో ఇరవై నాలుగేళ్లుగా, ఊపిరి తీసుకోండి, బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి, అని చెప్పి చెప్పి బిగబట్టమ్మ అయిపోయింది. నర్సులే కాదు, పెద్ద డాక్టరు కూడా ఒక్కోసారి నోరు జారి, బిగబట్టమ్మ గారిని పిలవండి అనేస్తాడు. ఒకరు బయటి ప్రపంచాన్ని కొలుస్తారు, ఒకరు మనిషి లోపలిని కొలుస్తారు, మీ ఇంట్లో ఉప్పు ఎలా వేసుకుంటారండీ అని ఆడపడుచు అడిగింది ఒకసారి, ఉప్పు మాత్రం ఇద్దరం ఉజ్జాయింపే వదినా అంది తాను. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొస్తోంది, అడిగింది నల్లదా తెల్లదా అని కదా. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఊరంతా తిరిగొచ్చే రోగుల మీద విసుక్కునే మనిషి తానే. నల్లదాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుంది. చల్లగా, నున్నగా ఉంది. ఎడమ కాలూ కుడి కాలూ విడివిడిగా అంకెల్లో కనిపిస్తాయంటే అదొక సరదా. ప్రమాదం జరిగిన పదకొండేళ్లకు, చూడండి, రెండూ సమానం, అని ఎవరికైనా చూపించుకోవచ్చు. ఎవరికి? ఎవరికో ఎందుకు, ఆ రోజు మంచం పక్కన నిలబడి, సైకిలు సంగతి ఇక మర్చిపోండమ్మా, అన్న ఫిజియోథెరపీ ఆవిడకి.

ఆగి ఉన్న వ్యాను తలుపు తెరుచుకుంది, అంతే ఆమెకు గుర్తున్నది. తలుపు, ఆ తర్వాత ఆకాశం, ఆ తర్వాత ఎవరిదో చేతిసంచిలోంచి రోడ్డు మీద దొర్లిపోతున్న ఉల్లిపాయలు. ఎడమ తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. తన గదిలోనే, తన యంత్రం కిందే, తనతో పనిచేసే అమ్మాయే ఫిల్ము తీసింది, ఊపిరి బిగబట్టండి మేడమ్ అని ఆ అమ్మాయి గొంతు వణుకుతుంటే, నవ్వొచ్చి బిగబట్టలేకపోయింది. ఆపరేషన్ అయ్యాక ఎముక లోపల కడ్డీ వేశారన్నారు, బాగా అతుక్కుందన్నారు. ఆ మాట ఆమె చాలా మందికి చేరవేసిన మాటే. ఎన్నెన్ని ఎముకలో వెలుతురుకు పట్టి చూసిన మనిషి, తన ఫిల్ము మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. కవరు తెరవకుండానే ఆయన చేతికిచ్చి, బీరువా మీద పడేయండి అంది. ఎవరికీ చెప్పని సంగతి అది. చూస్తే తానూ ఎక్స్‌రే గది బయట వరసలో కూర్చునే రోగుల్లో ఒకర్తె అయిపోతానని భయం, అంతకన్నా ఏం లేదు. అయిదో నెలలో చేతికర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిస్తే వీధి మొత్తం తన కాలి వంకే చూస్తున్నట్టుండేది. ఏడో నెలలో సైకిలెక్కింది. సందు చివరి దాకా వెళ్లి తిరిగొచ్చింది. నడకలో కాస్త కుంటు ఉంది, సైకిలు మీద అస్సలు లేదు. ఆ రోజు గేటు దగ్గర నిలబడిన ఆయన మొహం చూడాలి, ఫలితాల జాబితాలో నంబరు వెతుక్కుంటున్న పిల్లాడి మొహం అది. సైకిలు మీద నేను కుంటడం లేదండీ, అని ఆమె అరిచింది. అవునా, అన్నాడాయన. అంత చిన్నగా అన్నాడేమిటా అనుకుంది అప్పుడు.

"అక్కా, ఒక్కసారి ఇటు రండి" అని వెనక గదిలోంచి మెకానిక్ పిలిచాడు. పాత క్రాంకు ఊడదీసి, గుడ్డతో పదకొండేళ్ల జిడ్డు తుడిచి, రెండు కాడలూ బల్ల మీద పక్కపక్కన పడుకోబెట్టాడు. "ఇది చూడండి. కుడిది నూట డెబ్బై మిల్లీమీటర్లు. ఎడమది నూట అరవై అయిదు." పెడలు బిగించే రంధ్రం వెనక, సైకిలు వైపు తిరిగి ఉండే పక్కన, అచ్చు గుద్దిన అంకెలున్నాయి. సైకిలుకు బిగించి ఉండగా అవి ఎవరి కంటా పడవు. రెండు కాడలూ బల్ల అంచుకు ఆనించి పెట్టి చూపించాడు. ఎడమది వెంట్రుకంత కాదు, బియ్యపు గింజంత పొట్టి.

"జత తప్పింది అక్కా. ఎవరు వేశారో గానీ, పొరపాటున వేసేశారు" అన్నాడు, ఆ వెంటనే తానే తల అడ్డంగా ఊపాడు. "కానీ ఇది నాకు ముందు ఈ షాపు నడిపిన పెద్దాయన పని. ఆయన జత తప్పడం నేనెరగను. ఎవరో చెప్పి వేయించుకునుంటారు. ఎవరికైనా ఒక కాలు..." అని ఆగి, ఆమె మొహం చూసి, మిగతా మాట మింగేశాడు. "సరేలెండి, కొత్తవి రెండూ నూట డెబ్బై వేసేద్దాం. నల్లదైతే ఎలాగూ సమాన జతే వస్తుంది, విడిగా ఇవ్వరు. కాకపోతే ఇన్నేళ్లూ దీనికి అలవాటు పడిన మోకాలు కదా, మామూలు రోడ్ల మీద తెలియకపోవచ్చు, కనుమ మీద మాత్రం ఊరుకోదు. ఆలోచించుకోండి. ఇంకా అరగంట ఉంది." టీ చెప్పనా అని అడిగాడు. వద్దంది. మళ్లీ వచ్చి స్టూలు మీద కూర్చుంది, కూర్చునేటప్పుడు ఎడమ కాలు ముందుగా కింది కమ్మీ మీద పెట్టింది, ఎప్పుడూ అలాగే పెడుతుందా, ఇవాళే పెట్టిందా అన్న అనుమానం మొదలైంది.

ఎవరో చెప్పి వేయించుకునుంటారు. ఎవరో ఏమిటి, ఈ సైకిలును ఇంట్లోంచి బయటికి తీసుకెళ్లగలిగే మనిషి ఇంకొకడు ఎవడున్నాడు. తాను మంచం మీదుండగా ఒక ఆదివారం ఆయన సైకిలు దింపుకుని వెళ్లాడు, ఆయిల్ వేయించాలి, తుప్పు పడుతోంది అంటూ. తొక్కేవాళ్లు లేని సైకిలుకి ఆయిలెందుకండీ అంటే, తుప్పుకి తొక్కేవాళ్లతో పనేమిటి అన్నాడు. సాయంత్రం దాకా రాలేదు, వచ్చాక చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. దానికి ముందు, ఎంత ముందు, ఒక వారమేమో, టేపు తెచ్చి ఆమె కాళ్లు కొలిచాడు. తుంటి ఎముక దగ్గర నుంచి చీలమండ దాకా, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. ఏం చేస్తున్నారని అడిగితే, వదులు ప్యాంట్లు కుట్టిస్తాను, కట్టు మీద నుంచి తొడుక్కోవడానికి, అన్నాడు. మూడేసి సార్లు కొలవాలా ప్యాంటుకి అంటే, మా శాఖలో మూడు సార్లే అన్నాడు. ప్యాంట్లు వచ్చాయి కూడా. పొడవు సరిగ్గా ఉంది, నడుము దగ్గర మాత్రం ఇద్దరు పట్టేంత వదులు. అవును మరి, నడుము ఆయన కొలవనే లేదు! పాపం ఆ దర్జీని ఆమె ఎన్నెన్ని మాటలంది. కొలతల ఇన్‌స్పెక్టరు భార్యకే కొలత తప్పుతావా అంటే, సార్ రాసిచ్చిందే కుట్టానమ్మా అని మొత్తుకున్నాడు. ఆ రోజు ఆయన వంటగదిలో నిలబడి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడుగుతున్నాడు. నవ్వొచ్చింది ఆమెకు ఇప్పుడు, షాపులో ఒంటరిగా, పదకొండేళ్ల ఆలస్యంగా. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఎందుకంటే అప్పుడే బూట్లు గుర్తొచ్చాయి. ఆమె బూట్లు ఎప్పుడు కొన్నా, కొన్న మర్నాడే ఆయన వాటిని పట్టుకుపోతాడు. మడమ గట్టిగా ఉంది, మెత్తగా చేయించుకొస్తాను అంటాడు. మొగుడి చేత బూట్లు బాగు చేయించుకునే ఇల్లాలివి నువ్వొక్కదానివేనని తోటి ఉద్యోగులు ఆటపట్టిస్తే, ఆమె కాస్త గర్వపడేది కూడా. ఇప్పుడు వంగి, ఎడమ బూటు విప్పి, ఒళ్లో పెట్టుకుని, లోపలి అట్టను గోటితో పైకెత్తింది. అట్ట కింద ఇంకొకటుంది. కార్కు బెరడు ముక్క, మడమ ఆకారంలో కోసినది, ముందు వైపు పలచగా అయ్యేలా అంచు చెక్కినది, ఎంత శ్రద్ధగా చెక్కాడంటే వేలితో రాస్తే ఎక్కడ మొదలైందో తెలియదు. పాదాల చెమటకు రంగు మారింది. తిరగేసింది. వెనక వైపు పెన్సిలుతో చిన్న అంకె, ఎనిమిది, పక్కన మి.మీ. అని రాసుంది. దాని కింద వరసగా ఏడాదుల అంకెలు, ఒక్కో ఏడాదికీ ఒక్కో గీత, ఆయన ఆఫీసులో తూకపు రాళ్ల మీద ఏటేటా కొట్టే ముద్రల్లాగే. కొన్ని సగం చెరిగిపోయాయి, వేలు పెట్టి చదివితే పదకొండూ ఉన్నాయి. బూటు మారినా ముక్క మారలేదన్నమాట. పాత బూటులోంచి తీసి, కొత్త బూటులో పెట్టి, అరిగిందేమో కొలిచి చూసి, సరిగ్గానే ఉందని రాసుకుని, మళ్లీ అట్ట కప్పేసేవాడు. బజారులో రాళ్లను ఎంత నిష్ఠగా చూస్తాడో, తన మడమ కిందున్న ఈ ముక్కనీ అంత నిష్ఠగా చూస్తూ వచ్చాడు. ఒక్క ఏడాది కూడా మానలేదు.

ముందు కోపమే వచ్చింది, అబద్ధమెందుకు. కాలు నాదైతే కొలత ఆయన దగ్గరుండటమేమిటి, నాకు తెలియని సంగతి నా బూటులో ఉండటమేమిటి, డాక్టరు వరండాలో ఆయనతో చెప్పుంటాడు, కాలు కాస్త పొట్టయిందండీ అని, ఆయన తల ఊపి లోపలికొచ్చి, బాగా అతుక్కుందట అని నవ్వుంటాడు. కోపం వెనకే సిగ్గు వచ్చింది. ఎముకలు విరిగి వచ్చినవాళ్లకి ఇన్నేళ్లుగా ఎన్ని ప్రవచనాలు చెప్పిందీ, నన్ను చూడండి, ఏడో నెలలో సైకిలెక్కాను, అంతా మొండితనమే, మందులేం కాదు అని. మొండితనం కింద ఒక బెరడు ముక్క ఉంది తల్లీ, ఒక పొట్టి కాడ ఉంది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు నువ్వు, చెప్పడానికి నీకే తెలియదు. మరి తొక్కింది ఎవరు? తొక్కింది మాత్రం తానే. సందు చివరి దాకా, ఆ తర్వాత చెరువు దాకా, ఆ తర్వాత యాభై, వంద, రెండు వందల కిలోమీటర్లు, వానలో, ఎదురుగాలిలో, ఇవేవీ ఆయన తొక్కలేదు. ఆయన సైకిలెక్కితే సందు మలుపు కూడా తిరగలేడు, ఆయాసం. పోయినేడు కనుమ మీద క్లబ్బు వ్యాను నడుపుతూ నీళ్ల సీసాలతో వెనకే వచ్చింది ఆయనే. తాను రాతి మీద కూర్చుని నవ్వుతూ చేతులు ఊపుతుంటే వ్యాను ఆపి, దిగి, పక్కన కూర్చుని, నీళ్ల సీసా చేతికిచ్చి, "కాలుది తప్పేం లేదు, గేరు పెద్దదయింది, పళ్ల చక్రాలు చిన్నవి వేయిద్దాం" అన్నాడు. ఇవాళ ఈ స్టూలు మీద కూర్చోవడం ఆ మాట వల్లే. కాలుది తప్పేం లేదన్న మాట ఆయన ఎంత గట్టిగా అన్నాడో ఇప్పుడు వినిపిస్తోంది. లెక్క తెలిసిన మనిషి అన్న మాట అది.

ఒళ్లో బూటు పెట్టుకుని, ఒక కాలికి మేజోడుతో, కౌంటరు మీద నల్లదాన్నీ తెల్లదాన్నీ చూస్తూ కూర్చుంటే, కోపం ఎటు పోయిందో తెలియలేదు. పోయిందని కాదు, ఉంది, దానికి కూర్చోవడానికి చోటు దొరకడం లేదు. ఇంతమంది చేతులు పడ్డాయా తన కాలి కింద? వరండాలో మెల్లగా మాట్లాడిన డాక్టరు, ఎవరికీ చెప్పనని మాటిచ్చి జత తప్పించిన ఆ పెద్దాయన, జత తప్పడమంటే ఆయన పేరుకే మచ్చ కదా, అయినా వేశాడు, సార్ కొలవని నడుముకు తాను తిట్లు తిన్న దర్జీ. ఆ దర్జీ ఏమయ్యాడో కనుక్కోవాలి, ఉంటే వెళ్లి క్షమించమని అడగాలి. అందరికన్నా ముందు ఈ మనిషి, అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడే మనిషి, పక్కింటివాళ్లు సినిమాకి పిలిస్తే పని ఉందని చెప్పడం చేతకాక మూడు గంటలు చూసొచ్చే మనిషి, పదకొండేళ్ల పాటు ఒక్క అబద్ధాన్ని ఎలా మోశాడు? ఊళ్లో దొంగ కొలత కనబడితే ఊరుకోని మనిషి ఇంట్లో దొంగ కొలత పెట్టుకున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంది. జిడ్డు చేత్తో తుడుచుకుందేమో, బుగ్గ మీద నల్ల చార పడింది, కౌంటరు అద్దంలో కనిపించింది, అలాగే ఉండనిచ్చింది. నాకు మంచి మనుషులు దొరికారు, అనుకుంది, పైకే అనేసిందేమో కూడా, వెనక గదిలో మెకానిక్ ఒక క్షణం చప్పుడు ఆపాడు.

పదకొండూ నలభై ఆరుకి ఫోను చేసింది. ఆయన ఎక్కడో పెట్రోలు బంకులో ఉన్నాడు, వెనక నుంచి హారన్లు వినిపిస్తున్నాయి. "చెప్పు, ఏది తీసుకున్నావు?" అన్నాడు. "తెల్లదే" అంది. "మంచిది" అన్నాడు వెంటనే, మరీ వెంటనే. "కుడిది నూట డెబ్బై, ఎడమది నూట అరవై అయిదు" అంది.  అటు ఎవరో సార్ సార్ అని పిలుస్తుంటే, ఆయన వాళ్లని ఒక్క నిమిషం ఆగమన్నాడు.

"బూటు కూడా విప్పి చూశాను" అంది ఆమె.

"కోపం వచ్చిందా?"

"వచ్చింది. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ప్రతి అడుగూ కొలుచుకుంటూ నడిచేదానివి. నీ సంగతి నాకు తెలియదా" అన్నాడు. ఆ వెంటనే, "నువ్వా కవరు తెరవలేదు కదా. తెరిచిన రోజున చెబుదామనుకున్నాను. ఏడాదీ ఏడాదీ అనుకుంటూనే ఉన్నాను" అన్నాడు. గొంతు ఆఫీసు గొంతు కాదు. "మీ మీద మీ శాఖకే ఫిర్యాదు రాస్తాను, ఇంట్లో దొంగ కొలత ఉందని" అంటే, "రాయి, నేనే వచ్చి కేసు కట్టుకుంటాను" అన్నాడు, నవ్వబోయి, సరిగ్గా నవ్వలేకపోయాడు. ఏమండీ, అంది ఆమె. ఆ తర్వాత అనవలసిన మాట పాతికేళ్ల కాపురంలో ఒకరికొకరు ఎప్పుడూ చెప్పుకోనిది, అది నోట్లో కొత్త పన్నులా అడ్డం తగిలింది. అయినా అంది. "మీకు రుణపడి ఉన్నానండీ. నిజంగా." ఆయన, ఊరుకో, బంకు వాళ్లు చూస్తున్నారు, అని ఫోను పెట్టేశాడు.

మెకానిక్ ఆర్డరు కాగితం తెచ్చి, వివరాలన్నీ రాసి, ఎడమ కాడ దగ్గర కలం ఆపాడు. బూటు తొడుక్కుంటున్న ఆమెను ఏమీ అడగలేదు, అడగకపోవడం కూడా ఆ షాపులో వారసత్వమేమో అనిపించింది ఆమెకు. "ఒక్క చిక్కుంది అక్కా. ఇలా ఎక్కువ తక్కువలుగా రాస్తే కంపెనీవాళ్లు మనం పొరపాటు పడ్డామనుకుని, జత సరిచేసి పంపేస్తారు. ఇదివరకు ఒకరికి అలాగే జరిగింది. కింద మీరే ఒక ముక్క రాసి సంతకం పెడితే ముట్టుకోరు" అన్నాడు. పన్నెండుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. ఆమె కాగితం తన వైపు తిప్పుకుంది. ఇరవై నాలుగేళ్లలో ఎన్ని వేల ఫిల్ముల మీదో ఎడమ అనీ కుడి అనీ గుర్తులు పెట్టింది, ఎవరెవరి కాళ్ల గురించో ఎన్నెన్ని అంకెలో రాసింది, చెయ్యి ఎప్పుడూ ఆగలేదు. ఇప్పుడు మొదటి అక్షరం దగ్గరే ఆగింది. ఊపిరి తీసుకుంది, వదిలింది, రాసింది: నా ఎడమ కాలు ఎనిమిది మిల్లీమీటర్లు పొట్టి. మా ఆయన కొలిచారు. మార్చవద్దు.